కోటు మీద దుమ్ము

గడ్డం గీసేటప్పుడు ఎడమ చెంపతో పేచీ లేదు. అన్నయ్యే లోపల్నుంచి నాలుకతో ఉబ్బించి ఇస్తాడు. తంటా అంతా కుడి చెంపదే. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి అది పిండిముద్దలా జారిపోయి, బ్లేడు ఎటు లాగితే అటు వస్తోంది. చిన్నోడు చెవి పక్కన చర్మాన్ని బొటనవేలితో పైకి పట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్కో గీతా కిందికి లాగుతున్నాడు. దిండ్లకు జారగిలబడిన అన్నయ్య అతని చేతినే చూస్తున్నాడు. నువ్వు తప్పు చేస్తావని తెలుసు, ఎప్పుడు చేస్తావా అని చూస్తున్నాను అన్నట్టుంటుంది ఆ చూపు. చిన్నోడికి కొత్తేమీ కాదు. జీవితమంతా ఆ చూపు కిందే పనిచేశాడు.

చిన్నోడంటే నిజంగా చిన్నవాడనుకునేరు. తల ముగ్గుబుట్టయి చాలా కాలమైంది, మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు కిర్రుమంటున్నాయి. ఒకప్పుడు ఊరూరా తిరిగే సర్కస్ కంపెనీలో పెద్దోడు, చిన్నోడు అని అన్నదమ్ముల జోకర్ల జోడీ ఒకటుండేది. కంపెనీ మూతబడింది. డేరా గుడ్డ ఎవరి గోడౌను మీద కప్పారో తెలియదు. పేరు మాత్రం అంటుకుని ఊడిరానంది. వీధిలో పాలవాడి దగ్గర్నుంచి నటన బడిలో ప్రిన్సిపాల్ దాకా అందరికీ అతను చిన్నోడే, మహా అయితే చిన్నోడు మాస్టారు.

వాళ్ళదేమీ గొప్ప జోడీ కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఉయ్యాలల మీద ఎగిరేవాళ్ళు దిగిపోయి, తీగ మీద నడిచేవాళ్ళు ఎక్కేలోపు తాళ్ళు బిగించుకోవడానికి కాస్త సమయం పడుతుంది కదా, ఆ కాసేపూ జనం లేచిపోకుండా పట్టుకోవడం వాళ్ళ ఉద్యోగం. తాళ్ళు బిగిశాయని ఈల వినిపిస్తే ఎక్కడున్నది అక్కడే ఆపేసి పోవాలి. పోస్టర్ల మీద వాళ్ళ బొమ్మ ఎప్పుడూ లేదు.

వాళ్ళ ఐటమ్ కూడా ఒక్కటే, కుర్చీ ఐటమ్. నల్లకోటు వేసుకున్న పెద్దోడు కుర్చీలో కూర్చుని దర్జాగా పేపరు చదువుకోవాలనుకుంటాడు. చిన్నోడు సాయం చెయ్యడానికి వస్తాడు. గుడ్డతో కుర్చీ తుడుస్తాడు, పెద్దోడి బూట్లు తుడుస్తాడు, ప్రేమ పొంగిపోయి అదే గుడ్డతో పెద్దోడి మొహం తుడుస్తాడు. చెంపదెబ్బ. చిన్నోడు పడతాడు, లేస్తాడు, థాంక్యూ సార్ అంటాడు, మళ్ళీ గుడ్డ తీస్తాడు. మూడో దెబ్బకి కాళ్ళు పైకి లేచేలా జనం వైపు వచ్చి పడతాడు. అప్పుడు పెద్దోడు జనానికి వీపు పెట్టి, కుడి భుజం మీద కోటుని ఎడమ చేత్తో దులుపుకుంటాడు. తీరిగ్గా, చాలాసేపు. తిరిగి ఇటు మళ్ళేసరికి మొహం రాతిపలకలా ఉంటుంది. ఆయన మళ్ళేదాకా చిన్నోడు నేల మీంచి లేవకూడదు. అది పద్ధతి.

ఆ దులపడం ఐటమ్‌లో మొదట లేదు. అన్నయ్య తనంతట తను పెట్టుకున్నాడు. జోడీ కట్టిన కొత్తలో ఒకరోజు చిన్నోడు ఉండబట్టలేక అడిగాడు.

"అన్నయ్యా, నేను పడ్డాక నువ్వటు తిరిగిపోతావేం?"

"కోటుకి దుమ్మయింది."

"నా పడటం బాలేదా?"

"దుమ్మయింది అన్నానా."

అంతటితో ఆ సంభాషణ అయిపోయింది. తర్వాత ఎన్ని ఊళ్ళు తిరిగారో, ఎన్నిసార్లు పడ్డాడో, అన్నయ్య ఒక్కసారి కూడా బావుందనలేదు. నవ్వలేదు. కొట్టేవాడు నవ్వితే ఐటమ్ చచ్చిపోతుందని కంపెనీ నడిపే ముసలాయన నూరిపోసిన మాట నిజమే. కానీ అది రింగులో సంగతి. తెర వెనక నవ్వొచ్చు కదా. అన్నం ముందు కూర్చున్నప్పుడు నవ్వొచ్చు కదా. తాను పడగానే జనం నవ్వేవారు, పెద్దోడు వీపు తిప్పగానే ఇంకా పడీ పడీ నవ్వేవారు. చిన్నోడు మాత్రం నేల మీద పడి వాళ్ళ మొహాలు చూస్తూ, వెనక అన్నయ్యకి తన మొహం చూడ్డం కూడా ఇష్టం లేదు కాబోలు అనుకునేవాడు. ఆ బాధ చిన్నప్పుడు గుచ్చుకున్న ముల్లులా లోపలే ఉండిపోయింది. అమ్మ పోయాక వేలు పట్టుకుని కంపెనీలో చేర్పించినవాడు అన్నయ్య. జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నవాడు అన్నయ్య. ఆ అన్నయ్య దగ్గర్నుంచి అతనికి కావలసింది ఒక్క నవ్వు. ఇప్పుడు మొహంలో సగమే కదులుతోంది కాబట్టి సగం నవ్వైనా సరే.

నిన్న డాక్టరొచ్చి ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, చిన్నోణ్ణి గుమ్మం బయటికి పిలిచి, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నాడు. హాస్పిటల్‌కి కదిలించి ఆయన్ని కష్టపెట్టడమే తప్ప ఒరిగేదేమీ లేదన్నాడు. ఎన్నాళ్ళని అడగలేదు చిన్నోడు. డాక్టరు కూడా చెప్పకుండా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

గడ్డం పని అయింది. తడిగుడ్డతో నురగ తుడిచి, పాలలో నానబెట్టిన రొట్టె నాలుగు చెంచాలు తినిపించాడు. ఐదో చెంచా దగ్గర అన్నయ్య పెదవులు బిగించాడు. చిన్నోడు చెంచాని తన ముక్కు మీద నిలబెట్టి, అది జారి చొక్కా జేబులో పడేలా చేశాడు. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి రోజుకొకటి ఇలాంటిది ప్రయత్నిస్తూనే ఉన్నాడు. అన్నయ్య రాని బస్సు కోసం చూసినట్టు చూశాడు.

పగలు అన్నయ్యని చూసుకునే ఆయమ్మ అప్పుడే మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది. గొడుగు మూలన పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమన్నా తిన్నారా?"

"నాలుగు చెంచాలు."

"నిన్నటికంటే నయమే." ఆమె మంచం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "మాస్టారూ, చెప్పకూడదనుకున్నా గానీ చెబుతున్నా. మీరలా గుమ్మం దాటడం ఆలస్యం, ఈయన గోడవైపు తిరిగిపోతారు. పిలిచినా చూడరు. కాసేపయ్యాక గానీ ఇటు మళ్ళరు. రోజూ ఇదే వరస. మీరెళ్ళిపోతున్నారని కోపమేమో మరి."

"కోపం కొత్తగా రావాలా ఆయమ్మా. అది ఎప్పుడూ ఉన్నదే."

అన్నాడు గానీ ఆ మాట గుండెకి తగిలింది. ఇంకా అలాగే ఉందన్నమాట ఆ వీపు తిప్పడం.

గుమ్మం పక్కన మేకుకి అన్నయ్య నల్లకోటు వేలాడుతోంది. చిన్నోడు దాన్ని తీసి మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాడు. కుర్చీ ఐటమ్ ఇన్నేళ్ళలో ఎవరికీ నేర్పలేదు. అన్నయ్య ఉండగా ఆ కోటు ఇంకొకరి ఒంటి మీద వెయ్యడమేంటని మనసొప్పేది కాదు. రాత్రి డాక్టరు మాటలు తలుచుకుంటూ పడుకున్నాక, ఎవరికో ఒకరికి అప్పజెప్పకపోతే ఇది మా ఇద్దరితోనే పోతుంది అనిపించింది.

"కోటు పట్టుకెళ్తున్నా అన్నయ్యా. సాయంత్రం తెచ్చేస్తా."

అన్నయ్య సంచి వైపు చూశాడు. కళ్ళు మూసి, తెరిచాడు. సరే అన్నట్టా, నీ ఇష్టం ఏడు అన్నట్టా, తెలియలేదు.

చిన్నోడు చెప్పులేసుకుని బయల్దేరాడు. రోజూ జరిగేదే జరిగింది. తలుపు గొళ్ళెం సంచి పట్టీని పట్టుకుని వెనక్కి గుంజింది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు గాల్లో ఉండగా అతను గిర్రున వెనక్కి తిరిగి, ఎవరో పిలిచారనుకుని, "ఏమండీ?" అన్నాడు తలుపుతో. తర్వాత పట్టీ విడిపించుకుని, తలుపుకి సారీ చెప్పి, దిగిపోయాడు. ఇది ఐటమ్ కాదు, అతని బతుకే అంత. పట్టీ పొట్టిగా చేసుకోవాలని ఏడాదిగా అనుకుంటున్నాడు.

నటన బడి ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద ఉంది. కింద మెషిన్లు తిరిగినంతసేపూ పైన చెక్కనేల సన్నగా వణుకుతుంది. గోడకి ఒక పక్క నిలువెత్తు అద్దాలు. చిన్నోడి క్లాసులో అద్దాల మీద దుప్పట్లు కప్పేస్తారు. అద్దం చూసుకుంటే జోకరు తయారవడు, నటుడే మిగిలిపోతాడని అతని నమ్మకం. భోజనాలయ్యాక, అందరికీ కళ్ళు మూతలు పడే వేళలో పెట్టారు అతని క్లాసు. ఆ వేళకి ఇంకే మాస్టారూ ఒప్పుకోలేదు మరి.

మొదట్లో ప్రతివాడూ మొహం చిట్లిస్తాడు. హీరో అవుదామని వస్తే ఈ ఎర్రముక్కేంటి అంటాడు. నిజానికి ఎర్రముక్కు పెట్టుకోవడమే ఇక్కడ పెద్ద పాఠం. జనం చూస్తుండగా పెట్టుకోకూడదు. గోడవైపు తిరగాలి. ముక్కు పెట్టుకుని, ఊపిరి పీల్చుకుని, అప్పుడు ఇటు మళ్ళాలి. మళ్ళాక నువ్వు నువ్వు కావు. తీసేటప్పుడూ అంతే, గోడవైపే. అన్నయ్యకి ఎప్పుడూ ముక్కు లేదు, అది చిన్నోడి సొత్తు. కొట్టేవాడికి ముక్కుండదు.

ఇవాళ బ్యాంకాయన వంతు. నలభై దాటాక బ్యాంకు ఉద్యోగం మానేసి, ఇంట్లోవాళ్ళ నోట చివాట్లు తిని వచ్చినవాడు. గోడ దగ్గర్నుంచి ముక్కుతో ఇటు మళ్ళగానే కళ్ళు గుండ్రంగా తిప్పాడు, కోతిలా గోక్కున్నాడు, జారి పడబోయాడు. ఎవరూ నవ్వలేదు. కింద మెషిను చప్పుడు వినిపిస్తోంది.

"ఆగండి," అన్నాడు చిన్నోడు నీరసంగా. "మీరు మమ్మల్ని నవ్వించాలని చూస్తున్నారు. అది మాకు తెలిసిపోతోంది. ఏమీ చెయ్యకండి. ఊరికే నిలబడి మా వైపు చూడండి."

"ఏమీ చెయ్యకుండా ఎలా మాస్టారూ?"

"అదే కష్టం. నిలబడండి."

బ్యాంకాయన నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముందు వెనక్కి కట్టుకున్నాడు, తర్వాత జేబులో పెట్టుకున్నాడు. చివరికి రెండు మోచేతులూ మెల్లగా పైకి లేచి, ఎదురుగా లేని కౌంటరు మీద ఆనుకున్నాయి. మొహం కాస్త కుదుటపడింది. ముందుకు వంగి, కనబడని కిటికీలోంచి, తరవాత ఎవరు అన్నట్టు చూశాడు. గదంతా ఒక్కసారి పకాలుమంది. బ్యాంకాయన బెదిరిపోయి వెనక్కి చూశాడు.

"అది," అన్నాడు చిన్నోడు. "వెనకెవరూ లేరు. మిమ్మల్ని చూసే నవ్వారు. ఏం చేశారో అదే మళ్ళీ చెయ్యండి."

బ్యాంకాయన మళ్ళీ మోచేతులు ఆనించాడు. ఈసారి తెలిసి చేశాడు. ఎవరూ నవ్వలేదు.

"పోయిందా మాస్టారూ?"

"పోయింది. వస్తుంది లెండి. అది పిల్లి లాంటిది, పిలిస్తే రాదు. మీలో ఏది మీరు దాచుకుంటారో అదే మీ సరుకు. దాన్ని బయటికి తేవడానికి నాకు పదేళ్ళు పట్టింది. మా అన్నయ్య మాత్రం నేను నీళ్ళ బిందెతో తడబడి పడిన రోజే కనిపెట్టాడు. నీకేమీ చేతకాదురా, అదే మన బతుకుతెరువు అన్నాడు."

పిల్లలు నవ్వారు. అతనికి నవ్వు రాలేదు. మోకాళ్ళు సలుపుతున్నాయి. మనసంతా ఇంటి దగ్గర, ఆ సగం మొహం మీదే ఉంది. ఇలా పాఠాలు చెప్పి చెప్పి అలిసిపోయాడు. ఏది పండుతుందో, ఏది పండదో వీళ్ళకి చెప్పగలడు. తనది పండిందో లేదో తనకి చెప్పవలసిన ఒక్క మనిషీ నోరు పడిపోయి మంచంలో ఉన్నాడు.

సంచిలోంచి కోటు తీశాడు. క్లాసులో అందరికంటే పొడుగైన అమ్మాయిని పిలిచాడు. పొడుగమ్మాయి ఎప్పుడూ తన ఎత్తుకి తనే సిగ్గుపడి, తలకి గుమ్మం తగులుతుందేమోనన్నట్టు వంగి నడుస్తుంది. కోటు తొడిగేసరికి నిటారుగా నిలబడక తప్పలేదు. అన్నయ్య కోటు భుజాలు అలాంటివి, వంగనివ్వవు.

కుర్చీ ఐటమ్ వివరించాడు. బ్యాంకాయన చిన్నోడు, పొడుగమ్మాయి పెద్దోడు. చెయ్యి చెంప దాకా వచ్చి ఆగిపోవాలి, తగలకూడదు. చప్పుడు మాత్రం దెబ్బ తినేవాడి చేతుల్లోంచి రావాలి. కింద బొడ్డు దగ్గర రెండు అరచేతులూ చరుచుకోవాలి, జనం కళ్ళు చెంప మీద ఉంటాయి కాబట్టి ఎవరికీ కనబడదు. పెద్దోడు నవ్వకూడదు. నవ్వితే ఐటమ్ పోయినట్టే. ఇవన్నీ చెప్పాడు. భుజం దులపడం గురించి మాత్రం చెప్పలేదు. అది అన్నయ్య సొంత వ్యవహారం, ఐటమ్‌లోది కాదు అనుకున్నాడు. చెప్పడానికి నోరు కూడా రాలేదు.

చెప్పి వెళ్ళి జనం వైపు ఒక స్టూలు మీద కూర్చున్నాడు. ఈ ఐటమ్‌ని ఇటువైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. చూసే వీలేది, ఎప్పుడూ అందులోనే ఉన్నాడు కదా.

బ్యాంకాయన కుర్చీ తుడిచాడు. బ్యాంకులో ఖాతాదారుడికి మర్యాద చేసినట్టు ఒద్దిగ్గా బూట్లు తుడిచాడు. అదే ఒద్దికతో గుడ్డ మడత మార్చి, మొహం తుడిచాడు. చెంపదెబ్బ. చప్పుడు కాస్త ఆలస్యంగా వచ్చింది. రెండోసారి సరిగ్గా పడింది. మూడో దెబ్బకి బ్యాంకాయన నిజంగానే అదుపు తప్పి, కాళ్ళు పైకి లేచి, చెప్పు ఒకటి ఎగిరి పక్కన పడి, వెల్లకిలా వచ్చి పడ్డాడు. పడ్డవాడు చెయ్యి చాచి చెప్పుని తడుముకుంటూ, "థాంక్యూ మేడమ్, పాస్‌బుక్ తెచ్చుకోండి" అన్నాడు.

పొడుగమ్మాయి చటుక్కున వీపు తిప్పింది. ఎడమచెయ్యి కుడి భుజం మీదికి వెళ్ళింది. దులపసాగింది. తీరిగ్గా, చాలాసేపు. వెనకనుంచి నల్లకోటు భుజాలు రెండూ పైకీ కిందికీ ఎగిరెగిరి పడుతున్నాయి. ఆ వీపు చూసి గది గదంతా పొట్టలు పట్టుకుని నవ్వుతోంది.

చిన్నోడు స్టూలు మీంచి లేచాడు.

"ఆగు. ఎందుకు తిరిగావు?"

"సారీ మాస్టారూ." ఆమె ఇటు మళ్ళింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, పెదవి కొరుక్కుని ఉంది. "నవ్వాగలేదు. పెద్దోడు నవ్వితే ఐటమ్ పోతుందన్నారు కదా. అందుకని."

"తిరిగితే తిరిగావు. ఆ భుజం దులపడం ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఊరికే అటు తిరిగి నిలబడితే నవ్వుతున్నానని తెలిసిపోతుందిగా. చేతికేదో పని కావాలి. అది దానంతటదే ఇక్కడికొచ్చింది." ఆమె భుజం వంచి చూసుకుంది. "ఇక్కడ బట్ట బాగా అరిగిపోయి ఉంది మాస్టారూ. కోటంతా గట్టిగానే ఉంది, ఇక్కడొక్కచోటే. ఎవరో ఇక్కడే దులుపుకునేవారా?"

చిన్నోడు దగ్గరికి వెళ్ళి చూశాడు. అరచెయ్యంత మేర నల్లరంగు పోయి, నూలు పోగులు తేలి ఉన్నాయి. ఆ కోటు ఎన్నోసార్లు ఉతికాడు, ఎండేశాడు, మేకుకి తగిలించాడు. పాతబడింది కదా అనుకున్నాడు. మిగతా కోటు ఎందుకు పాతబడలేదని ఒక్కనాడూ అనుకోలేదు.

"మాస్టారూ, ఏమైంది?" అన్నాడు బ్యాంకాయన నేల మీంచే. ఎవరూ లెమ్మని చెప్పకపోవడంతో అతనింకా లేవలేదు.

"ఏం లేదు. బావుంది," అన్నాడు చిన్నోడు. "చాలా బావుంది. ఇవాళ్టికి చాలు."

గోడవైపు తిరిగి ముక్కులు తీసేస్తున్నారు అందరూ. ఆ వీపుల వరస చూస్తుంటే అతనికి ఆయమ్మ మాట గుర్తొచ్చింది. గుమ్మం దాటడం ఆలస్యం, గోడవైపు తిరిగిపోతారు. గొళ్ళెం. సంచి పట్టీ. ఏమండీ అని తలుపుతో అనడం.

బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. కోటు సంచిని రెండు చేతులా పొదివి పట్టుకుని నిలబడ్డాడు. డేరా నిండా జనానికి తెలుసు. గాలరీలో చివరి వరసలో వేరుశనక్కాయలు ఒలుచుకునేవాడికి కూడా తెలుసు. పెద్దోడికి నవ్వాగడం లేదని, ఆ వీపు చూసి అందరూ నవ్వారు. తెలియనిది ఒక్కడికే. తెలియనివ్వకూడదనే అన్నయ్య దాచాడు. తెలిస్తే వీడు మరోసారి నవ్వించాలని చూస్తాడు, చూస్తే పోతుందని. అది పిల్లి లాంటిదని అన్నయ్యకి తనకంటే ముందే తెలుసు. అంతా అర్థమై కూడా చిన్నోడికి కోపమొచ్చింది. రిటైరయ్యాకైనా చెప్పొచ్చు కదా మహానుభావుడు. తాళ్ళు బిగించేవాడెవడూ ఈల వెయ్యని ఆ గదిలో, ఇన్నేళ్ళు ఎదురెదురు మంచాల మీద పడుకుని, ఒక్క మాట. ఆ కోపంలోనే కళ్ళు తడిశాయి. పక్కనున్నామె జరిగి, కూర్చోండి అంది.

మెట్లెక్కేసరికి ఆయమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"మధ్యాహ్నం నుంచి ఏమీ ముట్టలేదు మాస్టారూ. ఊపిరి బరువుగా తీస్తున్నారు. డాక్టరుకి ఫోన్ చేశా, చీకటి పడ్డాక వస్తానన్నారు. కాళ్ళు చల్లగా ఉన్నాయి, వేడినీళ్ళు పెట్టి వచ్చా. నేను కింద వాటాలోనే ఉంటా, కేకెయ్యండి."

కిటికీలోంచి సాయంకాలపు ఎండ ఏటవాలుగా మంచం మీద పడుతోంది. అన్నయ్య కళ్ళు తెరిచే ఉన్నాయి. ఛాతీ పైకి లేచి, ఒక క్షణం ఆగి, కిందికి దిగుతోంది. చిన్నోడు చెప్పులు కూడా విప్పకుండా సంచిలోంచి కోటు తీసి కుర్చీ వీపుకి వేశాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, చేతులు ఖాళీగా ఉంచలేక, తువ్వాలు వేడినీళ్ళలో ముంచి పిండి అన్నయ్య కాళ్ళు తుడవడం మొదలుపెట్టాడు. మడమలు, అరికాళ్ళు, వేళ్ళ సందులు. తుడుస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"అన్నయ్యా. నేను పడ్డప్పుడు నీకు నవ్వొచ్చేదా?"

తలెత్తి చూస్తే అన్నయ్య పెదవి కుడి కొస నుంచి చొంగ కారుతోంది. అయ్యో అనుకుని ఒంగి, చేతిలో ఉన్న తువ్వాలుతో గబుక్కున తుడిచాడు. పెదవి, గడ్డం, చెంప.

తుడిచాక తెలిసింది ఏం చేశాడో.

అన్నయ్య కళ్ళు తువ్వాలు మీదికి వెళ్ళాయి. అక్కణ్ణుంచి తన కాళ్ళ మీదికి వెళ్ళాయి. అక్కణ్ణుంచి మెల్లగా వచ్చి చిన్నోడి మొహం మీద ఆగాయి. అదే చూపు. తప్పు చేస్తావని తెలుసు, ఎప్పుడు చేస్తావా అని చూస్తున్నాను.

"కావాలని కాదు అన్నయ్యా," అన్నాడు చిన్నోడు. నిజంగానే కావాలని కాదు.

దుప్పటి మీంచి ఎడమచెయ్యి లేచింది. ఎక్కడా ఆగకుండా లేచింది. ఆకు వచ్చి తగిలినట్టు అతని చెంపకి తగిలింది. చప్పుడు లేదు. చిన్నోడి రెండు అరచేతులూ బొడ్డు దగ్గర వాటంతటవే చరుచుకున్నాయి. గది ఖంగుమంది.

పడ్డాడు. మోకాళ్ళు వద్దన్నా పడ్డాడు. కాళ్ళు పైకి లేచాయి, ఒక చెప్పు ఎగిరి గుమ్మం దగ్గర పడింది, వీపు నేలకి తగిలి నడుము కలుక్కుమంది. ఆ నొప్పిలో కూడా, పద్ధతి ప్రకారం, థాంక్యూ సార్ అన్నాడు. ఈసారి అతను జనం వైపు చూస్తూ పడలేదు. గదిలో జనం లేరు. మంచం వైపు చూస్తూ పడ్డాడు.

అన్నయ్య గోడవైపు తిరుగుతున్నాడు. తల ముందు వెళ్ళింది, తర్వాత మెడ, తర్వాత ఎడమచేత్తో పరుపు అంచు పట్టి లాక్కుని మొండెం అంతా. తిరిగాక ఆ చెయ్యి పరుపుని వదిలి, బనీను మీదుగా పాకి, కుడి భుజం చేరింది. దులపసాగింది. భుజాలు రెండూ ఎగిరెగిరి పడుతున్నాయి. ఇనప మంచం సన్నగా కిర్రుకిర్రుమంటోంది. గోడలోకి, గొంతులోంచి, బొంగురుగా, పాడైపోయిన పంపులోంచి నీళ్ళొచ్చినట్టు ఒక చప్పుడు వచ్చింది. అది నవ్వు. దగ్గో, ఆయాసమో అనుకోవడానికి వీల్లేదు. నవ్వులు వినే బతికినవాడు చిన్నోడు, ఆ మాత్రం పోల్చుకోలేడా.

నేల మీద పడుకుని అతనూ నవ్వాడు. కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే తుడుచుకోలేదు. ఇన్నాళ్ళ ముల్లు ఊడొచ్చిన చోట హాయిగానూ ఉంది, నొప్పిగానూ ఉంది. "దుమ్మయిందా అన్నయ్యా," అన్నాడు. "దులుపుకో. బాగా దులుపుకో."

మంచం కిర్రుమనడం తగ్గింది. ఆగింది. భుజం మీది చెయ్యి ఇంకోసారి కదిలి, అక్కడే ఉండిపోయింది.

చిన్నోడు లేవలేదు. పెద్దోడు ఇటు మళ్ళేదాకా లేవకూడదు. మళ్ళేసరికి మొహం రాతిపలకలా ఉంటుంది, అది చూసి జనం చివరిసారి నవ్వుతారు, అప్పుడు లేవాలి. అతను ఎదురుచూశాడు. ఎండ మంచం మీంచి గోడ మీదికి, గోడ మీంచి పైకప్పుకి ఎక్కి, వెళ్ళిపోయింది. కింద వాటాలో ఎవరో గిన్నెలు కడుగుతున్నారు. గదిలో ఇప్పుడు ఒక్కడి ఊపిరే వినిపిస్తోందని అతనికి తెలుస్తూనే ఉంది. అయినా ఇంకాసేపు అలాగే పడుకున్నాడు. లేస్తే ఐటమ్ అయిపోతుంది.

మెట్ల మీద డాక్టరు బూట్ల చప్పుడు, వెనకే ఆయమ్మ చెప్పుల చప్పుడు వినిపించాయి. తలుపు తెరుచుకుంది. నేల మీదున్న మనిషిని చూసి ఆయమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "మాస్టారూ, పడ్డారా?"

"పడ్డాను ఆయమ్మా," అన్నాడు చిన్నోడు. "బాగానే పడ్డాను."

డాక్టరు అతన్ని దాటుకుని మంచం దగ్గరికి వెళ్ళి వంగాడు. ఆయమ్మ దీపం వేసింది. కుర్చీ వీపుకి వేసిన నల్లకోటు కుడి భుజం మీద, ఏనాడూ ఏ దుమ్మూ పడని ఆ అరచెయ్యంత చోట, దులిపి దులిపి తేలిన పోగులు తెల్లగా మెరిశాయి.